ఇల్లెందు

సంధులు చెప్పేటప్పుడు పుస్తకంలోని ఉదాహరణలు వదిలిపెట్టి ఊళ్ళ పేర్లు ఇవ్వడం నాకొక అలవాటు. పిల్లలకు నిద్ర రాకుండా వుంటుందని నా నమ్మకం. నాకు రాకుండా వుంటుందన్నది అనుభవం. మొన్న ఒకనాడు నల్లబల్ల మీద ‘ఇల్లెందు’ అని రాసి విడదీయమన్నాను.

"ఇల్లు, ఎందు. ఉత్వసంధి సార్" అన్నది ముందు బెంచీ అమ్మాయి.

"అర్థం?"

"ఇల్లు ఎక్కడ? అని సార్!"

క్లాసు ఘొల్లుమన్నది. ఆ ఊరికి పేరు వచ్చిన కారణం ఇది కాదనీ, ఇది వట్టి పంతుళ్ళ సరదా అనీ చెబుతూ నేనూ నవ్వాను. మూడో బెంచీలో ఒక కుర్రవాడు మాత్రం నవ్వలేదు.

గంట కొట్టాక వరండాలో నా వెనకే వచ్చాడు.

"మాది ఇల్లెందే సార్. ఇంక కాలేజీకి రాను. మీతో చెప్పి పోదామని వచ్చిన."

కారణం ఏమిటయ్యా అంటే చెప్పాడు. తండ్రి బొగ్గుగనిలో పని చేస్తాడు. ఒంట్లో బాగుండక, ఇక గని పనికి పనికిరాడని డాక్టర్లు తేల్చారు. అటువంటప్పుడు ఆ ఇంటి పిల్లవాడికి ఉద్యోగం ఇచ్చే పద్ధతి అక్కడ వుంది. కుర్రవాడు బి.ఏ. రెండో సంవత్సరం. పద్యం ఎత్తుకుంటే పక్క క్లాసులో లెక్చరరు పాఠం ఆపి వింటాడు. వీణ్ణి ఎం.ఏ. దాకా లాక్కుపోవాలని మనసులో పెట్టుకున్న ఒకరిద్దరిలో వాడొకడు.

నేను చెప్పవలసిందేదో చెప్పాను. డిగ్రీ పూర్తి చేసుకో, తొందరపడకు, గనిలోకి ఎప్పుడైనా దిగవచ్చు, ఎక్కడం కష్టం — అంటూ. ఇటువంటివి చెప్పడానికే కదా మాకు జీతం! వాడు వినయంగా అన్నీ విని, "మా తాతతో ఒకసారి మాట్లాడండి సార్. మా ఇంట్ల ఆయన మాటే మాట" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

బొగ్గుతో నాకూ కొంచెం చుట్టరికం వుంది. మా తాతగారు డోర్నకల్ జంక్షన్‌లో గూడ్సు గుమాస్తా. ఇల్లెందు వైపు నుంచీ కొత్తగూడెం వైపు నుంచీ వచ్చే బొగ్గు వాగన్ల నంబర్లు రాసుకోవడం ఆయన పని. పట్టాలకు పక్కనే మా ఇల్లు. మా నాయనమ్మ మడిబట్ట ఆరవేస్తే చాలు, ఎక్కడినుంచో ఒక ఇంజను వచ్చి కూత వేసి నల్ల చుక్కలు చల్లి పోయేదట. ఆవిడ తడిపి మళ్ళీ ఆరవేసేది. ఇంకో ఇంజను వచ్చేది. ఇలా నాలుగుసార్లు తడిపిన నాడు ఆవిడ తిట్లు స్టేషను మాస్టరు దాకా వినిపించేవట. "తిట్టకే, ఆ మసే మనకు అన్నం పెడుతోంది" అనేవారట తాతగారు. ఆ అన్నం తిన్న ఇంట్లో మూడో తరం వాణ్ణి నేను. చిత్రం ఏమిటంటే, ఆ బొగ్గు ఎక్కడినుంచి వచ్చేదో మా ఇంట్లో ఒక్కరూ వెళ్ళి చూడలేదు.

బస్సులో కూర్చుని ఆ కథంతా మొదటినుంచీ నెమరు వేసుకున్నాను. మీకూ చెబుతాను.

మన పాతకాలపు తెలుగులో నేలబొగ్గును ‘రాక్షసిబొగ్గు’ అనేవారు. కట్టెబొగ్గుకన్న దీని పొగ ఎక్కువ, కాలిందంటే ఒకంతట ఆరదు. అందుకని పెట్టారు కాబోలు. భద్రాద్రి రాముణ్ణి చూడబోతున్న యాత్రికులు దారిలో మూడు నల్లరాళ్ళు పెట్టి పొయ్యి రాజేస్తే, కట్టెలతో పాటు రాళ్ళూ అంటుకున్నాయని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. కథ నిజమో కల్పనో గాని, కాయితాల మీదికి ఎక్కిన చరిత్ర మాత్రం 1871 నాటిది. భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఆ ఏడు ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు వున్నట్టు కనుక్కున్నాడు. ఆయన పేరు ఇవాళ్టికీ భూమిలో వుంది. అక్కడి బొగ్గు పొరల్లో ఒకదాన్ని ‘కింగ్ సీమ్’ అంటారు. రాజుగారుంటే రాణిగారు వుండాలి కదా! ఇంకో పొర పేరు ‘క్వీన్ సీమ్’. తవ్వింది ఇల్లెందులోనే అయినా, మొత్తం గనులకు పేరు దక్కింది పక్కనున్న సింగరేణి అనే పల్లెకు.

బొగ్గు కనపడగానే భాగ్యం కలిగిందనుకోవడం పొరపాటు. 1871లో కనపడింది, 1889లో గాని తవ్వకం సాగలేదు. మధ్యలో ఈ పద్ధెనిమిదేళ్ళూ ఏమయ్యాయి? రైలు కోసం ఎదురుచూశాయి. బంగారమైతే మూట కట్టుకుని గుర్రం మీద పోవచ్చు. బొగ్గు బరువెక్కువ, వెల తక్కువ. ఎడ్లబండి మీద వంద మైళ్ళు తోలితే బండి బాడుగ ముందు బొగ్గు ఖరీదు ఏ మూలకు? పట్టాలు లేనిచోట బొగ్గు నల్లరాయే. అటు రైలుకూ బొగ్గు కావాలి. చెన్నపట్నం వైపు రైళ్ళు తొలిరోజుల్లో కట్టెలు కాల్చుకుంటూ, అడవులను తింటూ నడిచేవి. కనుక బొగ్గు రైలు కోసమూ, రైలు బొగ్గు కోసమూ కాచుకు కూర్చున్నాయి. సంబంధం కుదరడానికి కావలసింది కట్నం. అది ఇచ్చుకున్నది నిజాం ఖజానా.

వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు 1874లో వచ్చింది. అక్కణ్ణుంచి ఓరుగల్లు మీదుగా బెజవాడకూ, చాందాకూ పట్టాలు వేయాలన్న పథకం లేచినప్పుడు హైదరాబాదులో పెద్ద గొడవ జరిగింది. లండన్‌లో కంపెనీ పెట్టి, పెట్టుబడి పెట్టినవాళ్ళకు 20 ఏళ్ళపాటు నూటికి 5 చొప్పున గిట్టుబాటు అయ్యేలా సర్కారు పూచీ వుండాలని షరతు. లాభం వస్తే వాళ్ళది, రాకపోతే రైతు పన్నులోంచి పూడ్చాలి. ఆ రైల్వే పేరులోని ‘గ్యారంటీడ్’ అన్న మాటకు అర్థం ఇదే. ఈ షరతులేమిటో జనానికి చెప్పండి అని అడిగినవాళ్ళలో డాక్టర్ అఘోరనాథ చట్టోపాధ్యాయ ఒకరు. సరోజినీ నాయుడుగారి తండ్రి, చదువుల పంతులు. 1883లో ఆయన్ను హైదరాబాదు నుంచి వెళ్ళగొట్టారు. మా వృత్తివాళ్ళు రైలును గురించి ప్రశ్న అడిగితే రైలెక్కించి పంపడం అన్నమాట!

1886లో రైలు ఓరుగల్లు చేరింది. ఆ ఏడే గనులు తవ్వే హక్కు 99 ఏళ్ళకు ఒక ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయింది. ఆ హక్కుల బేరంలోనూ, వాటాల అమ్మకంలోనూ చేతులు మారిన సొమ్ము లండన్ పార్లమెంటు దాకా వాసన కొట్టి, 1888లో అక్కడ విచారణ సంఘం కూర్చున్నది. హైదరాబాదు తరఫున బేరం నడిపిన పెద్ద ఉద్యోగి పదవి పోయింది. ఒక్క తట్ట బొగ్గు సరిగా పైకి రాకముందే బొగ్గు మరక సీమ దాకా అంటింది చూడండి.

ఏమైతేనేం, 1888లో డోర్నకల్ నుంచి గనులకు పాయ వేశారు. మర్నాటి సంవత్సరం అసలు దారి బెజవాడ చేరింది. 1889లో పైకి వచ్చిన బొగ్గు సుమారు 60 వేల టన్నులు. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన లేచింది. 1899లో చెన్నపట్నానికి సూటి దారి కలిసింది. ఇల్లెందు అడవిలో తవ్విన బొగ్గు సముద్రపు ఒడ్డున ఇంజన్లలో మండింది. కోయవారి గూడేలూ, లంబాడీల తండాలూ తప్ప మరేమీ లేని చోట బజారు లేచింది, ఆస్పత్రి వచ్చింది, రోజుకు మూడుసార్లు కూత వేసే సైరను వచ్చింది. పొద్దును బట్టి లేచే మనుషులు కూతను బట్టి లేవడం నేర్చుకున్నారు. నన్నడిగితే ఆ ప్రాంతంలో వచ్చిన పెద్ద మార్పు ఇదే. ఊరికి రైలు రావడం చిన్న సంగతి, మనిషిలోకి గడియారం రావడం పెద్ద సంగతి.

బస్సు ఇల్లెందులో ఆగింది. కుర్రవాడు స్టాండులో నిలబడి వున్నాడు. పాతవాళ్ళు ఆ ఊరిని ‘బొగ్గుట్ట’ అంటారు. బొగ్గుగుట్ట అనాలి, కాని షిఫ్టుకు పరుగెత్తేవాడికి రెండు ‘గు’లు పలికే తీరిక ఎక్కడిది? ఒకటి రాలిపోయింది.

తాత వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని వున్నాడు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

"కూసో సారూ. మా పోరడు మీ ముచ్చట ఎప్పుడూ చెప్తడు" అన్నాడు. లోపలికి కేకేసి చాయ్ తెమ్మన్నాడు.

ఆయన 1966లో పనిలో చేరాడట. మేము పుస్తకాల్లో గని అంటాం. అక్కడ ఎవరూ అనరు. ‘బాయి’ అంటారు. బాయిలో దిగడం, బాయి పని, బాయి జీతం. నీళ్ళు తోడే బావికీ దీనికీ ఒకటే మాట. లోపలినుంచి బతుకును తోడేది ఏదైనా బావే కదా అనిపించింది నాకు.

"పెద్దాయనా, లోపల పని ఎట్లా వుండేది?" అన్నాను.

చెప్పాడు. తట్టా, చెమ్మాసూ పట్టుకుని దిగడం. మందు పెట్టి పేల్చిన బొగ్గును చెమ్మాసుతో తట్టకెత్తి, తట్టతో టబ్బులో పొయ్యడం. అన్ని టబ్బులు నిండితే అంత కూలి. బొగ్గునంతా ఒక్కసారి తియ్యరట. ఇంటికి స్తంభాలు వదిలినట్టు నడుమ నడుమ బొగ్గు దిమ్మలే వదిలి, చుట్టూ దారులు తొలుస్తారు. పైకప్పును మోసేవి ఆ దిమ్మలే. అంతా అయ్యాక చివరికి వెనక్కి వచ్చుకుంటూ ఆ స్తంభాలను కూడా కోస్తారు. కొన్ని చోట్ల ఖాళీలో ఇసుక నింపుతారు. కొన్ని చోట్ల కప్పును కూలనిస్తారు.

"కప్పుకు కట్టెలు నిలబెడ్తుంటిమి సారూ. ఇనుము మంచిదే గని, ఇనుము చెప్పకుంట ఇరుగుతది. కట్టె అట్ల కాదు. బరువు మీద పడ్డదంటే కిర్రుమంటది. పోండ్రా అని చెప్తది. కట్టె మాట్లాడుతది. ఇనుకునేటోడు బతుకుతడు."

నేను ఇరవై ఏళ్ళుగా అలంకారాలు చెబుతున్నాను. ఇంత అవసరమైన మాట ఒక్కటీ చెప్పిన గుర్తు లేదు.

చాయ్ వచ్చింది. మాటల్లో కథ గోదావరి పొడుగునా పాకింది. ఇల్లెందు తరవాత కొత్తగూడెం. అక్కడి స్టేషను పేరు ‘భద్రాచలం రోడ్డు’. అక్కడ దిగిన యాత్రికుడు రాముడెక్కడా అని అడిగితే ఇంకా 40 కిలోమీటర్లు పోయి గోదావరి దాటమంటారు. రాముడి పేరు చెప్పి బొగ్గు కోసం వేసిన పట్టాలు మరి! 1920 డిసెంబరులో ఈ గనులకు సింగరేణి కాలరీస్ కంపెనీ అన్న పేరు వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం ఆ వాటాలు కొని గనులను తనవి చేసుకుంది. ఈనాడు తెలంగాణ ప్రభుత్వానికి నూటికి 51, కేంద్రానికి 49 వంతుల వాటా.

రెండో మలుపు 1929. ఆ ఏడు కాజీపేట నుంచి బల్లార్షా దాకా పట్టాలు కలిశాయి. ఢిల్లీకీ చెన్నపట్నానికీ మధ్య సూటి దారి ఏర్పడింది. ఆ పట్టాల వెంబడే బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, వాటి చుట్టూ గనులూ ఊళ్ళూ మొలిచాయి. సిర్పూరు దగ్గర కొత్తపేట అనే పల్లె వుండేది. అడవిలో వెదురు వుంది, పక్కన బొగ్గు వుంది, ముందు రైలు వుంది. 1938లో కాగితం మిల్లు పెట్టారు, 1942లో కాగితం వచ్చింది. పల్లె పేరే కాగజ్‌నగర్ అయిపోయింది. ఆ మిల్లు 2014లో మూతపడి, 2018లో తిరిగి తెరుచుకున్నదాకా ఆ ఊరు ఊపిరి బిగబట్టింది. ఒక్క సరుకు మీద లేచిన ఊరికి వున్న పెద్ద రోగం ఇది. సరుకు ఆగితే ఊరి నాడి ఆగుతుంది.

ఆ అడవులు ఎవరివి? అక్కడ గోండులు వున్నారు. భూగర్భ శాస్త్రజ్ఞులు ఇరవై అయిదు కోట్ల ఏళ్ళు దాటిన ఈ బొగ్గు పొరలకు పేరు పెట్టవలసి వచ్చి, గోండుల నేల కనుక ‘గోండ్వానా’ అన్నారు. ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, మన దేశం అన్నీ ఒక్కటిగా వుండిన ఆ పాతకాలపు మహాఖండానికి కూడా చివరికి అదే పేరు నిలిచింది. భూగోళంలో అంత పెద్ద పేరు మరే జాతికీ దక్కలేదు. కాని రైలూ, రోడ్డూ వచ్చాక పైనుంచి వచ్చినవాళ్ళు భూములకు పట్టాలు రాయించుకుంటుంటే, ఆ పేరుగలవాళ్ళకు పోడు చేసుకోవడానికి చారెడు నేల కరువైంది. రైలుకూ పట్టాలే, భూమికీ పట్టాలే. ఒకటి వస్తే రెండోది మరొకడికి పోవడం ఏమిటో! కొమరం భీం జోడేఘాట్‌లో నేలకొరిగింది 1940లో. ఆ తరవాతే నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే పండితుణ్ణి పంపి వాళ్ళ కష్టమేమిటో కనుక్కోమన్నది. ముందు కనుక్కుంటే ఏం పోయేదో!

"ఇప్పుడు బాయిలు ఎట్లా వున్నాయి?" అన్నాను తాతతో.

"ఏడున్నయ్ సారూ? ఈ ఊళ్ళె దిగే బాయిలు ఒక్కొక్కటే మూసిండ్రు. ఇప్పుడంతా ఓపెన్ కాస్టు. మా కాలంల గుట్ట మా నెత్తి మీద ఉంటుండె. ఇప్పుడు ఆ గుట్టనే తీసి పక్కన పెడుతున్నరు."

నిజమే. 1975 నుంచి మన గనుల్లో ఓపెన్ కాస్టు పద్ధతి మొదలైంది. భూమిని తొలచడం కాదు, మీది మట్టినంతా ఎత్తి పక్కన పోసి, బొగ్గును ఎండలోకి తేవడం. ప్రాణభయం తగ్గింది, బొగ్గు పెరిగింది. 2023-24లో తీసింది 7 కోట్ల టన్నులు. నేను వేళ్ళ మీద లెక్క వేశాను. 1889లో ఏడాది పొడుగునా తీసిన 60 వేల టన్నులు ఈనాడు ఒక్క షిఫ్టులో వస్తున్నది! మరి మనుషులో? 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కలే. బొగ్గు పెరుగుతుంటే మనిషి తగ్గుతున్నాడు. మీది మట్టి కింద పొలాలూ, ఊళ్ళూ పోతున్నాయి. పరిహారం చేతికి వచ్చినవాడు పక్క ఊళ్ళో ఇల్లు కట్టుకున్నా, తన ఊరు ఎక్కడా అంటే ఒక మట్టిగుట్టను చూపిస్తాడు.

ఇంకో చమత్కారం. ఏ రైలు కోసం బొగ్గు తవ్వారో ఆ రైలు బొగ్గు తినడం మానేసింది. చిత్తరంజన్‌లో ఆఖరి ఆవిరి ఇంజను 1972లో తయారైంది. పెద్ద లైన్ల మీద ఆవిరి బండ్లు 1995తో ఆగిపోయాయి. అయితే బొగ్గుకు గిరాకీ పోలేదు. పాల్వంచలో 1966 నుంచి, రామగుండంలో అటు తరవాత, పెద్ద పెద్ద కరెంటు కేంద్రాలు లేచాయి. ఒక్కొక్క గూడ్సులో 58 వాగన్లు, నాలుగు వేల టన్నుల దాకా బొగ్గు. ఆ బొగ్గును కాల్చి కరెంటు చేస్తారు, ఆ కరెంటుతోనే ఇంకో గూడ్సు నడుస్తుంది. ఇంజను పొగ మా నాయనమ్మ మడిబట్ట మీద పడటం మానేసి, కరెంటు కేంద్రం చుట్టుపక్కల ఎవరి బట్టల మీదనో బూడిదగా పడుతున్నది. మసి పోలేదు, ఇల్లు మారింది.

ఇక అసలు సంగతికి వచ్చాను. గొంతు సవరించుకుని, మనవడి చదువు గురించీ, వాడి పద్యం గురించీ, ఎం.ఏ. గురించీ ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. తాత సగం దాకా విని,

"సారూ, మీ తాత ఏం జేస్తుండె?" అన్నాడు.

"డోర్నకల్‌లో గూడ్సు గుమాస్తా. బొగ్గు వాగన్లు లెక్క రాసేవారు."

ముసలాయన ముఖం వెలిగింది. "అట్లనా! ఎప్పటి దాకా చేసిండు?"

"1970లో రిటైరయ్యారు."

"అయితే నేను నింపిన బొగ్గు మీ తాత లెక్క రాసిండు!" అని మనవడి వైపు తిరిగి, "ఇన్నవారా? మీ సారు మనోడే" అన్నాడు. నాకు చెప్పరాని సంతోషం కలిగింది. అది ఎంతోసేపు నిలవలేదు.

"మీ నాయన ఏం జేసిండు మరి?"

"బడిపంతులు."

"తాత జీతంతోనే చదివిండు గద?"

"అవును."

"చూడు సారూ. బొగ్గు ఒక్కటే. నింపినోని ఇంట్ల రెండు తరాలకు అది తిండికి సరిపోయింది. రాసినోని ఇంట్ల ఒక్క తరానికే చదువయింది. తప్పు పట్టుకుంట చెప్తలేను. ఉన్నది చెప్తున్న."

నేను మాట్లాడలేదు. కుర్రవాడు నేల చూస్తున్నాడు.

"వీడు చదువుతనంటే నాకు సంతోషం గాదా? కని, ఒక్కటి చెప్పు సారూ. మీ కాలేజిల చదివినోళ్ళల్ల పర్మినెంటు నౌకరి ఎంతమందికి వచ్చింది?"

పాఠకులారా, నేను క్లాసులో ఎవరైనా జవాబు చెప్పకపోతే నిలబెడతాను. ఆ వేపచెట్టు కింద నన్నెవరూ నిలబెట్టలేదు గాని, కూర్చున్న చోటనే నిలబడ్డట్టయింది. వచ్చినవాళ్ళ పేర్లు వేళ్ళ మీద లెక్క పెట్టబోయాను. ఒక చెయ్యి చాలింది. మా కాలేజీలోనే ఎం.ఏ.లు చేసి, గంటల లెక్కన పాఠాలు చెబుతూ, వచ్చే ఏడు పిలుస్తారో లేదో తెలియని పిల్లలు వున్నారు. వాళ్ళ ముందు కూర్చుని నేనే కదా చాయ్ తాగేది!

బాయిలోంచి వాణ్ణి తప్పించాలని వచ్చాను. తప్పించి ఎక్కడ పెట్టాలో నా దగ్గర లేదు. ఉపన్యాసంలో ఆ పేజీ రాసుకోలేదు.

చివరికి నేనే అన్నాను: "పెద్దాయనా, ఉద్యోగం వదులుకోమని నేను చెప్పను. కాని చదువు కూడా వదలొద్దని చెబుతాను. ఉద్యోగంలో వుంటూ దూరవిద్యలో డిగ్రీ పూర్తి చెయ్యవచ్చు. పుస్తకాలు నేను చూసుకుంటాను. ఆదివారాలు వాడు మా ఇంటికి రానీ, లేకపోతే నేనే వస్తాను."

ముసలాయన కాసేపు ఆలోచించాడు. "షిఫ్టు చేసొచ్చినోడు పుస్తకం పట్టుకుంటే నిద్రొస్తది సారూ."

"మా క్లాసులో షిఫ్టు చెయ్యనివాళ్ళకూ వస్తుంది" అన్నాను.

అందరం నవ్వాం. అది ఒప్పుకోవడమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. "ఆర్డరు రానియ్యి. వచ్చేదాక కాలేజికి పోతడు" అన్నాడు.

బస్సు దాకా కుర్రవాడు వచ్చాడు. దారిలో ఊరి చివర ఒక ఎత్తయిన మట్టిగుట్ట చూపించి, "అదే సార్, తీసిన మట్టి. మొన్న వానకు మొక్కలు మొలిచినయి" అన్నాడు. నిజంగానే పచ్చగా వుంది. తెలియనివాళ్ళు దేవుడు చేసిన గుట్ట అనుకుంటారు.

బస్సు కదిలాక, ఆనాడు క్లాసులో నేను వేసిన చమత్కారం గుర్తుకు వచ్చి సిగ్గేసింది. ఇల్లు ఎందు? రైలు వచ్చినప్పుడు ఎక్కడెక్కడివాళ్ళో ఇళ్ళు వదిలి ఇక్కడికి వచ్చారు. వాళ్ళ పిల్లలు ఇక్కడే ఇల్లనుకున్నారు. ఇప్పుడు బాయిలు మూతపడితే వాళ్ళ పిల్లలు ఎక్కడ అనుకోవాలి? నేను సంధి విడదీశాననుకున్నాను. ఆ ఊళ్ళో దాన్ని నా కన్న ముందే ఎందరో విడదీసుకున్నారు.

సోమవారం హాజరు పిలుస్తూ వాడి నంబరు దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తకుండానే పిలిచాను.

"ప్రెజెంట్ సార్" అన్నది మూడో బెంచీ.

తల ఎత్తి చూసి, పుస్తకం తెరిచాను. ఆనాటి పాఠం సమాసాలు. ఉదాహరణలకు ఊళ్ళ పేర్లు ఇవ్వలేదు.